నర్సవ్వ కాల్చని సోగ

చెరుకు కొట్టే రోజుల్లో బోధన్ దారిన బస్సులో పోతుంటే కిటికీలోంచి నల్లటి తునకలు లోపలికి వచ్చి ఒళ్లో వాలుతాయి. వేలితో తాకితే పొడి అయిపోతాయి. చెరుకు లారీలకెత్తాక మడిలో మోకాలిలోతు మిగిలే ఎండాకును మా వైపు సోగ అంటారు. దాన్ని ఏరడానికి ఓపిక ఎవరికీ ఉండదు. గాలి పడిపోయిన సాయంత్రం చూసి ఒక అగ్గిపుల్ల గీస్తారు. పది నెలలు ఆ ఆకుల మీద పడ్డ ఎండంతా పది నిమిషాల్లో లేచి మళ్లీ ఆకాశంలోకి వెళ్లిపోతుంది. ఒళ్లో వాలిన ఆ మసితునక పోయిన శ్రావణంలో ఏ పొలంలో పచ్చగా ఊగిందో అనుకుంటూ నేను చాలాసార్లు దిగాల్సిన చోటు దాటిపోయాను.

నర్సవ్వ గురించి రాయాలని కూర్చుంటే ముందు ఆ తునకలే గుర్తొచ్చాయి. ఎడపల్లిలో ఒక్క ఆమె మడి నుంచే కిందటేడు పొగ లేవలేదు.

నిజామాబాద్‌లో నేను పనిచేసిన గ్రంథాలయంలో నర్సవ్వ ఇరవై ఆరేళ్లు ఊడ్చింది. పుట్టింది బోధన్‌లో. వాళ్లమ్మ చెరుకు కొట్టేది. చక్కెర ఫ్యాక్టరీ నడిచే నెలల్లో ఊరి గాలంతా మడ్డి వాసనతో తియ్యగా ఉండేదని, ప్రార్థనకు కళ్లు మూసుకున్నా ఆ తీపే ముక్కుకు తగిలేదని చెప్పేది. పదేళ్లకే ఆమె చేతికీ కొడవలి వచ్చింది. ముంజేతుల మీద సన్నటి తెల్లగీతలుండేవి, చెరుకాకు అంచులు కోసినవి. పెళ్లి ఎడపల్లి మోషేతో అయింది. ఆయనా చెరుకు కొట్టే మనిషే, ఇద్దరిదీ ఒకే మెథడిస్టు క్రైస్తవ సంఘం. తర్వాత ఎవరో చెప్పగా ఈమె మా దగ్గర పనికి కుదిరింది. పొద్దున రైలుకు వచ్చి సాయంత్రం బస్సుకు పోయేది.

మా ఆవరణలో పెద్ద నిద్రగన్నేరు చెట్టుండేది. అది రాల్చినంత ఆకును నర్సవ్వ రోజూ కుప్పచేసి గోడ మూల కాల్చేది. మధ్యాహ్నాలు చదివేవాళ్లు పలచబడ్డాక బీరువా పక్కన గొంతుక్కూర్చుని, నా చేతిలో ఏ పుస్తకముంటే దాంట్లో బొమ్మ చూపించి అడిగేది. తనకు అక్షరాలు కూడబలుక్కునేంత వచ్చు. బొమ్మలే ఇష్టం.

ఒకరోజు నా చేతిలో అడవి గురించిన పుస్తకముంది. ఒక చెట్టు, కింద రాలిన ఆకులు, ఆకుల కింద వానపాములు, వేర్లు, మధ్యలో గుండ్రంగా తిరిగే బాణాలు.

"గీ బాణాలేంది సారూ? ఎవల్ని కొట్టెటందుకు?"

"కొట్టడానికి కాదు నర్సవ్వా. ఆకు ఎండతో అన్నం వండుకుంటుంది. ఆ ఆకు రాలితే పురుగులు తింటాయి. పురుగుల నుంచి మన్నుకు, మన్ను నుంచి మళ్లీ చెట్టుకు. అడవికి ఎరువు ఎవరేస్తున్నారు మరి?"

ఆమె బొమ్మ మీద వేలు పెట్టి బాణాల వెంట రెండుసార్లు తిప్పింది. తర్వాత కిటికీలోంచి గోడ మూల పొగవైపు చూసింది.

"అంటే గిన్నేండ్లసంది నేను చెట్టు బువ్వ కాల్వెడుతున్ననా?"

మర్నాటి నుంచి గోడ వెనక గుంట తవ్వి ఆకు అందులో నింపడం మొదలుపెట్టింది. నేను ఆ పేజీ తర్వాతి పేజీలు చదవలేదు. అడవి బొమ్మ దగ్గరే పుస్తకం మూసి, కళ్లు మూసుకుని, ఆ బాణాల వెంట చాలాసేపు తిరిగి, తర్వాత మరచిపోయాను. నా చదువంతా అట్లాంటిదే.

నర్సవ్వ పని మానేసినప్పుడు వచ్చిన డబ్బుతో ఎడపల్లిలో ఎకరం మడి కొన్నారు. జీవితమంతా వేరేవాళ్ల చెరుకు కొట్టిన ఇద్దరు మొదటిసారి తమ చెరుకు కొట్టుకున్నారు. అప్పటికి బోధన్‌లో ఫ్యాక్టరీ మూతపడి కొన్నేళ్లయింది. చెరుకు దూరం పోవాలి. ఊళ్లో చాలామంది వరికి మారిపోయారు. నర్సవ్వ మాత్రం చెరుకే అంది. ఒకసారి కొట్టాక మొదళ్ల నుంచి మళ్లీ పిలకలు లేస్తాయి కదా, ఆ రెండో కాపు కోసం ఆమె ఎదురుచూపు. విత్తనం లేకుండా, అడగకుండా నేల తనంతట తాను పెట్టే కాపు.

కిందటేడు ఫిబ్రవరి మొదట్లో చెరుకు కొట్టారు. మోషే అగ్గిపెట్టె తీశాడు. నర్సవ్వ వద్దంది.

ఆ సంగతి నాకు ఫోనులో మోషేయే చెప్పాడు. "నమస్తే సారూ. మీరేదో పుస్తకంల సూపెట్టిండ్రట, ఆకు కాల్వెట్టొద్దని. ఆ పుస్తకానికి ఎన్నెకరాలున్నయో జర అడిగి చెప్పుండ్రి."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

సోగను సాళ్ల మధ్య పరిచి కాలువ నీళ్లు పెట్టారు. పక్క మడి లింబయ్య గట్టు మీద నిలబడి రోజూ ఒక మాట అనేవాడట. "నర్సక్కా, పాములకు పరుపేసినవా? పిల్లలు పెట్టినంక నాకు సుత ఒకటియ్యి." ఆయన తన సోగను ఎప్పుడో కాల్చేశాడు. నల్లటి నేలలోంచి ఆయన పిలకలు నిటారుగా, చిలక రంగులో లేచాయి. నర్సవ్వ మడిలో పిలకలు లేచాయి గానీ పాలిపోయి లేచాయి. రెండాకులు వేసేసరికి పసుపు పచ్చగా తిరిగాయి. మోషే ఒక బస్తా యూరియా చల్లాడు. అది సోగ మీదే పడి, ఎండకు ఘాటు వాసనై లేచిపోయింది తప్ప మొక్క మొహం చూడలేదు.

ఉపవాస దినాలు మొదలయ్యే భస్మ బుధవారం నాడు చర్చిలో నుదుట బూడిద పెట్టించుకుని వస్తూ మోషే తేల్చేశాడు. "ఈస్టర్ దాక సూస్త. నలభై దినాలు. ఆకు పచ్చవడకుంటే పండుగ తెల్లారి నరేందర్ ట్రాక్టర్ వెట్టి దున్నిస్త. మొదళ్లన్ని పెరికి వరి ఏస్త. మల్ల నాకు అడ్డం రావొద్దు."

"రాను," అంది నర్సవ్వ. ఆ తర్వాతే నాకు ఫోను చేసింది. "ఏం దప్పు జేసిన సారూ? జర ఆ పుస్తకం మల్ల సూడుండ్రి."

నేను గ్రంథాలయానికి వెళ్లాను. ఉద్యోగం మానేశాక మొదటిసారి వెళ్లడం. ఆ పుస్తకం అదే అరలో ఉంది. అడవి బొమ్మ తర్వాతి నాలుగు పేజీలు చదివాను. నిలబడే చదివాను, కూర్చునే ధైర్యం లేకపోయింది. మర్నాడు పొద్దునే ఎడపల్లి బస్సెక్కాను.

నర్సవ్వ గట్టు మీదే ఉంది. చేతిలో సద్దిగిన్నె, తినలేదు. మడి మధ్య పసుపు పిలకలు ఎండలో దీపాల్లా కనిపిస్తున్నాయి. దూరం నుంచి చూస్తే అందంగానే ఉంది, అదే బాధ.

"తప్పు నాది నర్సవ్వా," అన్నాను. "సగమే చెప్పాను. ఎండాకును తినడానికి నేలలో కంటికి కనబడనంత చిన్న ప్రాణులు కోట్లు పుడతాయి. వాటికి కావలసిన బలం ఎండాకులో చాలినంత లేదు. అందుకని నేలలో మొక్క కోసం ఉన్నదాన్ని అవి తీసుకుంటాయి. అవి తిన్నంతకాలం మొక్క పస్తు."

ఆమె సద్దిగిన్నె గట్టు మీద పెట్టింది.

"అంటే ఇంటికి సుట్టాలొచ్చిండ్రు. పిల్లగాండ్ల కంచాలలది తీస్కొని తింటుండ్రు."

"అంతే."

"మరి పోతరా సుట్టాలు?"

"పోతారు. తిండి అయిపోయాక చచ్చిపోతారు. చచ్చి, తీసుకున్నదంతా మళ్లీ నేలకే ఇచ్చేస్తారు."

"ఎప్పుడు?"

"అది పుస్తకంలో లేదు. అడవిలో ఎవరికీ తొందర లేదు కదా."

"మాకున్నది," అంది. వేళ్ల మీద లెక్కపెట్టింది. ఆదివారాలు విడిచి ముప్పై తొమ్మిది.

అడవి సంగతి చెప్పి ఒక మనిషి ఎకరాన్ని ఎండబెట్టినవాణ్ని నేను. ఆమె వంగి, సోగ ఒక పొర లేపి చూపించింది. కింద తడిగా, చీకటిగా, తెల్లటి బూజు దారాలు అల్లుకుని ఉన్నాయి. వేలు పెడితే వెచ్చన. చుట్టాల వంటింట్లో మంట నడుస్తోందన్నమాట.

"సుట్టాలకు మనమే ఇంకింత బువ్వ వెడితే?" అంది ఉన్నట్టుండి. "వాళ్ల కడుపు నిండితే పిల్లల జోలికి రారు గద."

పసుపు పంట తవ్వేసిన మెట్ట చెల్కల్లో అప్పుడు గొర్ల మందలు తిరుగుతున్నాయి. కాశయ్య అనే గొర్ల కాపరి రెండు వందల గొర్రెలతో ఎడపల్లి శివారులో ఆగి ఉన్నాడు. ఇంకో వారంలో సిరికొండ గుట్టల వైపు సాగిపోతాడు. పొలంలో రాత్రిళ్లు మంద నిలిపించుకోవడం పాత పద్ధతి. గొర్రెలు పడుకుని లేచిన చోట నేలకు బలం. మంద నిలిపినందుకు కాపరికి రెండు పూటలా బువ్వ పెట్టి, పోయేటప్పుడు బియ్యం ఇస్తారు. కానీ మందను నిలిపేది ఖాళీ పొలంలో. పిలకలు లేచిన చెరుకు తోటలో ఎవరూ నిలపరు.

నర్సవ్వ పిలిస్తే వచ్చిన కాశయ్య మడి చూసి తలపాగా తీసి మళ్లీ చుట్టుకున్నాడు. "అవ్వా, నా గొర్లకు నోర్లున్నయ్. గీ పిలకల్ని ముద్దు వెట్టుకుంటయనుకున్నవా?"

"తిననీ."

"అన్ని తింటయ్. మొదలు దాక కొరుకుతయ్."

"తిని ఏడికి వోతయ్? తెల్లారెదాక ఈడ్నే పంటయ్ గద. తిన్నది ఈడ్నే ఇడుస్తయ్."

కాశయ్య నవ్వాడు. "అంత ఇడుస్తె గొర్రె ఎట్ల బతుకుతదే అవ్వా? మన్నుది మన్నుకు ఇడుస్తది, అబద్ధమెందుకు. గని కొంచెం ఒంట్ల మండుతది. పొద్దుగాల సలిల గొర్రె బొచ్చుల చెయ్యి వెట్టి సూడు, ఎట్ల కాగుతదో. గది గాలికి వోతది. గది నీకు మల్ల రాదు."

పుస్తకంలో బాణాలు రెండు రంగుల్లో ఉండటం నాకప్పుడు గుర్తొచ్చింది. ఒక రంగువి గుండ్రంగా తిరిగి మొదటికి వచ్చేవి. ఇంకో రంగువి సూర్యుడి నుంచి మొదలై ఆకు, పురుగు, పిట్ట దాటి కాగితం అంచు దాకా పోయి ఆగేవి. ఆ రెండో రంగు గురించి నేను నర్సవ్వకు ఎప్పుడూ చెప్పలేదు. గొర్ల కాపరి చెప్పాడు.

"గాలికి వోయేది ఎట్లన్న రోజు పొద్దున సూర్యుడు తెస్తడు తీ," అంది నర్సవ్వ. "మన్నుది ఇడిస్తే సాలు."

మోషే ఒప్పుకోలేదు. అట్లాగని అరవలేదు. "ఉన్న నాలుగు పిలకలు గొర్లకేస్తవా? గదేదో నేనే దున్నిస్త గద, నలభై దినాలెందుకు?" అని మడికి వీపు పెట్టి గట్టు మీద కూర్చున్నాడు. నర్సవ్వ ఆయన పక్కనే కూర్చుని సద్దిగిన్నె మూత తీసింది. "నలభై దినాలు నీ మాట. ఆ దినాలల్ల ఏం జేసుకుంటనో నా ఇష్టం. తిను." ఆయన తిన్నాడు. అదే ఒప్పుకోలు.

పొద్దుగుంకేవేళ మంద వచ్చింది. మబ్బు నేలమీదికి దిగి నడిచొచ్చినట్టు వచ్చింది. గొర్రెలు మడిలోకి దిగి, సోగను గిట్టలతో తొక్కుతూ, పసుపు పిలకల్ని ఒక్కొక్కటే కొరుకుతుంటే ఆ చప్పుడు సన్నగా, వాన మొదలైనట్టు వినిపించింది. నర్సవ్వ చూస్తూనే ఉంది. అయిపోయేదాకా చూసింది. ఒక్కసారి మాత్రం పెదవులు కదిలాయి. ప్రార్థనో, గొర్రెల్ని తిట్టడమో నాకు తెలియలేదు.

ఆ పూట నన్ను ఇంటికి పోనివ్వలేదు. తెల్లవారుజామున నేను మడి దగ్గరికి వచ్చేసరికి పొగమంచు గట్లెత్తు లేచి ఉంది. మంద దాంట్లో మునిగి ఉంది. నర్సవ్వ ఒక గొర్రె పక్కన కూర్చుని దాని బొచ్చులో రెండు చేతులూ మణికట్టు దాకా దూర్చి ఉంది. నన్ను చూసి సిగ్గుపడింది.

"గదే సారూ. కాశయ్యన్న చెప్పిండు గద. నిన్నటి నా పిలకలు. ఎంత కాగుతున్నయో సూడుండ్రి."

నేనూ చెయ్యి పెట్టాను. ఎడపల్లి ఎండ, ఆకు, గొర్రె, నా అరచెయ్యి. అరచేతిలోంచి ఆ వేడి ఎటు పోయిందో తెలియదు. మంచులోకే పోయి ఉంటుంది. మంచు పలచబడుతూ వచ్చింది.

మూడు రాత్రులు మంద నిలిచింది. నాలుగో పొద్దున కాశయ్య మంద తోలుకుని వెళ్లిపోయాడు. మడిలో పచ్చ లేదు, పసుపూ లేదు. తొక్కుడుకు నలిగిన సోగ, పెంట, నేలకు సమంగా కొరికిన మొదళ్లు. లింబయ్య ఆ రోజు హాస్యం ఆడలేదు. తలవంచుకుని తన మడికి నీళ్లు కట్టుకున్నాడు. అది హాస్యం కన్నా ఎక్కువ కోసింది నర్సవ్వను.

నీళ్లు పెట్టారు. నాలుగు వారాలు దాటినా ఏమీ లేదు. ఆదివారాలు చర్చిలో మోషే ముందు వరసలో, నర్సవ్వ ఆడవాళ్ల వైపు చివరి వరసలో కూర్చునేవాళ్లు. ఇంటికి మాత్రం కలిసే వచ్చేవాళ్లు, మడి దారి తప్పించి చుట్టు తిరిగి. ఫోనులో నేను అడిగితే, "సుట్టాలు తింటుండ్రు సారూ, తిననీ" అనేది. గొంతులో ధైర్యం రోజురోజుకూ సన్నబడింది.

ఈస్టర్‌కు వారం ముందు, మట్టలాదివారం నాడు ఫోను తనే చేసింది. "సారూ, సోగల నుంచి పచ్చ సూదులు." అంతకన్నా చెప్పలేదు.

నేను ఈస్టర్ ముందురోజే వెళ్లాను. ఈస్టర్ పొద్దున సమాధుల తోటలో, చీకటి విడవకముందే, కొవ్వొత్తులతో ఆరాధన జరిగింది. నేను వాళ్ల సంఘం వాణ్ని కాను. అయినా గోడ పక్కన నిలబడ్డాను. చెదిరిన పూలు, కరిగిన మైనం, మనుషుల్ని ఎప్పుడో తనలో కలుపుకున్న నేల. తూర్పు తెల్లబడగానే పాట ఎత్తుకున్నారు. పాట అయ్యాక, తెల్లబట్టలతోనే ముగ్గురం మడికి నడిచాం. మోషే ముందు నడిచాడు.

సోగ నల్లబడి, మెత్తబడి, సగానికి కుంగిపోయి ఉంది. దాన్ని చీల్చుకుని, ఈసారి పై కణుపుల నుంచి కాక నేల లోపలి మొలకకళ్ల నుంచి, బొటనవేలు లావు పిలకలు లేచాయి. ముదురాకుపచ్చ. మంచు బొట్లతో నిలబడి ఉన్నాయి. మోషే వంగి సోగ లేపాడు. తెల్లదారాలు లేవు. నల్లటి మన్ను, మన్నులో వానపాములు, తడి వాసన. ఆయన పిడికెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తెల్లచొక్కా మీద రాలినా దులుపుకోలేదు.

అంతటా అట్లా లేదు. ఉత్తరపు మూల ఐదారు గుంటల నేల మేర ఒక్క పిలక లేదు. మూడు రాత్రులూ గొర్రెలు గాలికి జడిసి ఆ మూలకే ఒదిగాయి. పెంట, మూత్రం మోతాదు మించి మొదళ్లు మాడిపోయాయి, నేల తొక్కుడుకు బండ అయింది.

మోషే ఆ మూలను చాలాసేపు చూశాడు. తర్వాత ఫోను తీశాడు.

"నరేందర్, రేపు రాకు. ... ఆ, ఒద్దు. ... ఒద్దంటే ఒద్దు, మల్ల ఎందుకని అడుగుతవేందిరా?"

నర్సవ్వ ఫోను లాక్కుంది. "నరేందర్ బిడ్డా, రా. ఈ మూలకొక్కటి దున్నాలె. జనుము సల్లుతం."

"జనుమా?" అన్నాడు మోషే. "గదేం పంటనే? అమ్మేదా, తినేదా?"

"రెండు గాదు. మోకాలెత్తు లేసినంక అండ్లనే దున్నేది. గాలిల ఉన్న బలాన్ని వేర్లల్లకు పట్టుకొస్తది. లింబయ్యన్న చెప్పిండు."

"లింబయ్య చెప్పిండా! మొన్నటిదాక పాములన్నడు గద?"

"నిన్నొచ్చిండు. సోగ లేపి సూసిండు. ఏమనలే. పొయ్యేటప్పుడు గిది చెప్పిండు."

మోషే గొణుక్కుంటూ కంచెలోంచి నాలుగు పుల్లలు విరిచాడు. ట్రాక్టరు ఎక్కడిదాకా దున్నాలో, ఎక్కడ తిరగాలో గురుతు కోసం. తెల్ల పంచె మోకాళ్ల దాకా ఎగదోపి మడిలోకి దిగాడు. మూడు పుల్లలు చకచకా పాతాడు. నాలుగోది పాతి, నాలుగడుగులు వెనక్కి వచ్చి, వంగి వరస చూశాడు. మళ్లీ వెళ్లాడు. బండబారిన మూలలో, పుల్లకు అవతల, గోరంత పచ్చ ఒకటి పగులులోంచి తొంగిచూస్తోంది. ఆయన పుల్ల పీకి, ఆ మొలక దున్నకుండా మిగిలేటట్టు, దాని అవతలికి జరిపి పాతాడు. వరస వంకరైంది.

"సక్కగ పాతరాదా?" అంది గట్టు మీంచి నర్సవ్వ.

"నీకేం దెలుసు, ఊకో," అన్నాడు మోషే, వెనక్కి తిరగకుండానే.